నత్తనడకతో సముద్రాలు దాటిన జీవి

ఆలస్యంగా సాగే పనిని తెలుగువారు నత్తనడక అంటారు. ఆ పోలిక సరైనదే. వాన కురిసిన రాత్రి ఒక పెరటిలో బయలుదేరిన నత్త తెల్లవారేసరికి పక్క పెరటికి చేరితే అదే గొప్ప. అయినప్పటికీ తూర్పు ఆఫ్రికా తీర ప్రాంతానికి చెందిన ఒక నత్త జాతి ఈనాడు ఆసియా ఖండంలోనూ, పసిఫిక్ మహాసముద్ర ద్వీపాలలోనూ, అమెరికా ఖండాలలోనూ స్థిరపడింది. బెంగళూరు నగరపు తోటలలో, ఖాళీ స్థలాలలో, ప్రహరీ గోడల మీద వానకాలమంతా కనిపించే పెద్ద గోధుమరంగు నత్త అదే. దానిని ఆఫ్రికా రాక్షస నత్త అని వ్యవహరిస్తారు. దాని శాస్త్రీయ నామం లిస్సకాటినా ఫ్యూలికా.

అంత నెమ్మదిగా కదిలే జీవి అంత దూరం ఎలా వచ్చింది? అది నడిచి రాలేదు, మనుషులు మోసుకువచ్చారు. ఈ పాఠంలో గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే. మోసుకువచ్చినది మనిషి చేయి కనుక ఇకముందు మోయకుండా ఆపగలిగినది కూడా ఆ చేయే. హూడి వంటి ప్రాంతంలో ఆ పని ప్రతి ఇంటి పూలకుండీ దగ్గర మొదలవుతుంది.

వలస జాతి, ఆక్రమణ జాతి

ఒక ప్రాంతంలో సహజంగా పుట్టి పెరిగిన జాతిని దేశీయ జాతి అంటారు. మనుషుల రాకపోకల వల్ల మరొక ప్రాంతం నుంచి వచ్చి చేరినది పరదేశీయ జాతి. పరదేశీయమైన ప్రతిదీ హానికరం కాదు. తెలుగువారి వంటింట్లో నిత్యం ఉండే మిరప, టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కొత్తచోట తనను తినే శత్రువులు లేనందువల్ల అదుపు లేకుండా పెరిగి, అక్కడి పంటలకో, ఇతర జీవులకో, మనుషుల ఆరోగ్యానికో నష్టం కలిగించే జాతిని మాత్రమే ఆక్రమణ జాతి అంటారు.

జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్జాతీయ శాస్త్ర వేదిక 2023 సెప్టెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, మానవ కార్యకలాపాల వల్ల ప్రపంచమంతటా 37,000కు పైగా పరదేశీయ జాతులు కొత్త ప్రాంతాలలో స్థిరపడ్డాయి. వాటిలో 3,500కు పైగా జాతులు హానికరమైనవి. నమోదైన జీవజాతుల విలుప్తాలలో 60 శాతం సందర్భాలలో ఆక్రమణ జాతులు ఏకైక కారణంగానో, ఇతర కారణాలతో కలిసిన ముఖ్య కారణంగానో నిలిచాయి.

కలకత్తా తోట నుంచి దక్షిణాది దాకా

ఆఫ్రికా రాక్షస నత్త భారతదేశానికి వచ్చిన కథ స్పష్టంగా నమోదై ఉంది. విలియం హెన్రీ బెన్సన్ అనే బ్రిటిష్ అధికారికి నత్తలు, గుల్లల అధ్యయనంపై ఆసక్తి ఉండేది. ఆయన 1847లో మారిషస్ దీవి నుంచి ప్రాణంతో ఉన్న కొన్ని నత్తలను కలకత్తాకు తెచ్చాడు. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు వాటిని పొరుగువారికి అప్పగించగా, అవి చౌరంఘీ ప్రాంతంలోని ఒక తోటలోకి చేరాయి. అక్కడ వృద్ధి చెందిన నత్తలు క్రమంగా దేశంలోని ఇతర ప్రాంతాలకు పాకాయి. 1900 ప్రాంతంలో కలకత్తా నుంచే శ్రీలంకకు వెళ్ళాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైనికులు ఆహారం కోసం తమ వెంట తీసుకువెళ్ళడం వల్ల అనేక పసిఫిక్ దీవులకు చేరాయి.

బెన్సన్ నత్తలను తెలిసే తెచ్చాడు. కానీ ఆ తోటలో మొదలైనది ఎక్కడ ఆగుతుందో ఆయన ఊహించలేదు. ఆ తరువాతి ప్రయాణంలో ఎక్కువ భాగం ఎవరికీ తెలియకుండానే సాగింది. మొక్కల వేళ్ళ చుట్టూ ఉండే మట్టిలో గుడ్లుగా, ఇటుకల సందుల్లో పిల్ల నత్తలుగా, లారీల అడుగుభాగానికి అంటుకుని, కూరగాయల బుట్టలలో దాగి ఆ జీవి ఊరినుంచి ఊరికి చేరింది. ఉద్దేశపూర్వకంగా జరిగిన ఒక చిన్న పని వెంట వందల సంఖ్యలో అనుకోని రవాణాలు జరగడం ఆక్రమణ జాతుల చరిత్రలో తరచుగా కనిపిస్తుంది.

ఒక్క నత్త చాలు

ఈ నత్తలో ప్రతి ప్రాణికీ స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి. కనుక కలిసిన ఏ రెండు నత్తలైనా గుడ్లు పెట్టగలవు. ఒకసారి జతకట్టిన నత్త వీర్యకణాలను తన శరీరంలో చాలాకాలం నిల్వ ఉంచుకొని, మళ్ళీ జత లేకుండానే పలుమార్లు గుడ్లు పెడుతుంది. ఒక్కో విడతలో సుమారు 100 నుంచి 400 వరకు గుడ్లు ఉండవచ్చు. అవి లేత పసుపు కలిసిన తెలుపు రంగులో, సగ్గుబియ్యపు గింజలంత పరిమాణంలో, తడి మట్టిలో గుంపుగా కనిపిస్తాయి. అనుకూల వాతావరణంలో పిల్లలు కొద్ది నెలలలోనే గుడ్లు పెట్టే దశకు ఎదుగుతాయి.

ఎండకాలంలో ఈ నత్త మట్టిలోకో, రాళ్ళ సందులలోకో చేరి, గుల్ల ద్వారాన్ని ఎండిన జిగురు పొరతో మూసివేసుకొని నెలల తరబడి నిద్రాణంగా ఉంటుంది. ఎండకాలంలో నత్తలు లేవని సంతోషించిన తోటలోనే తొలకరి వానకు అవి తిరిగి బయటపడటానికి కారణం ఇదే. ఇది 500 రకాలకు పైగా మొక్కలను తింటుంది. బొప్పాయి, అరటి, చిక్కుడు, ఆకుకూరలు, బంతి మొదలైనవన్నీ దానికి ఆహారమే. గుల్ల పెరుగుదలకు సున్నం అవసరం కనుక గోడల పూతను, సిమెంటు పైపొరను గీరడం కూడా చూడవచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గుర్తించిన 100 అత్యంత హానికర ఆక్రమణ జాతులలో ఇది ఒకటి.

గుర్తించే విధానం

పూర్తిగా ఎదిగిన నత్త గుల్ల శంఖువు వలె కొనదేరి ఉంటుంది. గోధుమ రంగుపై ముదురు, లేత నిలువు చారలు కనిపిస్తాయి. చాలావాటి గుల్ల పొడవు 5 నుంచి 10 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అరుదుగా 20 సెంటీమీటర్లకు చేరుతుంది. తెలుగు పల్లెలలో చెరువుల్లో, వరి పొలాల నీటిలో కనిపించే నత్త దీనికి పూర్తిగా భిన్నమైనది. ఆ నీటి నత్త గుల్ల గుండ్రంగా ఉంటుంది. దాని ద్వారానికి గట్టి మూత ఉంటుంది. ఆఫ్రికా నత్తకు అటువంటి మూత ఉండదు. దేశీయమైన చిన్న నేల నత్తలు రాలిన ఆకులను కుళ్ళజేసి మట్టికి సారం చేకూర్చే ఉపకార జీవులు. కనుక కనిపించిన ప్రతి నత్తనూ చంపరాదు. గుర్తించిన తరువాతనే ఏరాలి.

హూడికి ఈ విషయం ఎందుకు ముఖ్యం

కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్‌ల మధ్య ఉన్న హూడి ఒకప్పుడు చెరువు, పొలాలు గల గ్రామం. ఈనాడు అక్కడ రైలు స్టేషను, మెట్రో స్టేషను, సాంకేతిక సంస్థల కార్యాలయాలు, బహుళ అంతస్తుల గృహ సముదాయాలు ఉన్నాయి. సమీపంలోని వైట్‌ఫీల్డ్‌లో ఓడరేవుల నుంచి రైలు మార్గాన సరుకు పెట్టెలు వచ్చే కంటైనర్ డిపో కూడా ఉంది. సముద్రం ఎంతో దూరంలో ఉన్నా ఓడరేవుల సరుకు ఆ పరిసరాలకే వస్తుంది.

నత్తకు కావలసినవి మూడు: తేమ, ఆహారం, దాక్కునే చోటు. నగర విస్తరణ ఆ మూడింటినీ సమకూరుస్తుంది. గృహ సముదాయాల తోటలకు ఏడాది పొడవునా నీరు పోస్తారు. పునాదులు తవ్విన మట్టి ఒక స్థలం నుంచి మరొక స్థలానికి లారీలలో తరలుతుంది. పాత ఇటుకలు, కట్టడాల శిథిలాలు ఖాళీ స్థలాలలో కుప్పలుగా పడి ఉంటాయి. అలంకరణ మొక్కలు దూర ప్రాంతాల నుంచి వస్తాయి. తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీల మొక్కలు దేశంలోని అనేక నగరాలకు వెళతాయన్నది తెలుగువారికి సుపరిచితమే. మొక్కల వ్యాపారంలో తప్పేమీ లేదు. ఏ ఊరి నర్సరీ నుంచి వచ్చిన కుండీ అయినా, దాని మట్టిని పరీక్షించకుండా తోటలో దించడమే ప్రమాదానికి తావిస్తుంది.

ఆరోగ్య ప్రమాదం

ఎలుకల ఊపిరితిత్తుల రక్తనాళాలలో నివసించే ఒక సన్నని పురుగు ఉంది. దీనిని మొదట 1935లో చైనాలోని కాంటన్ నగరపు ఎలుకలలో వర్ణించారు. పురుగు పిల్లలు ఎలుక మలంతో బయటికి వస్తాయి. ఆ మలాన్ని తిన్న నత్తలో అవి తరువాతి దశకు ఎదుగుతాయి. అటువంటి నత్తను పచ్చిగా గాని సరిగా ఉడకకుండా గాని తిన్నప్పుడు, లేదా చిన్న నత్త అంటుకున్న ఆకుకూరను కడగకుండా తిన్నప్పుడు అవి మనిషి శరీరంలోకి ప్రవేశించి మెదడు పొరలకు వాపు కలిగించగలవు. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు దీని లక్షణాలు. ఈ వ్యాధి అరుదైనదే అయినా ప్రమాదకరమైనది.

కనుక నత్తలను ఒట్టి చేతులతో పట్టుకోరాదు. పిల్లలు వాటితో ఆడుకోకుండా చూడాలి. తోటలో పండిన ఆకుకూరలను ఒక్కొక్క ఆకు విడదీసి, ధారగా పడే నీటిలో కడగాలి. పొలాల నీటి నత్తలను కూరగా వండుకునే అలవాటు ఉన్నవారు నగరంలో దొరికే ఈ నేల నత్తలను ఆహారంగా వాడరాదు. నత్తను తాకిన తరువాత పై లక్షణాలు కనిపిస్తే ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి.

అదే దారిలో వచ్చిన మరికొన్ని

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై దోమ పూర్వం ఆఫ్రికాది. ఓడలలోని నీటి పీపాలలో పెరుగుతూ అది ఖండాలు దాటింది. దాని గుడ్లు నీరు లేకుండా నెలల తరబడి బతికి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. దాని బంధువైన ఆసియా పులిదోమ వాడిన టైర్ల వ్యాపారం ద్వారా అమెరికా చేరి, 1985లో హ్యూస్టన్ నగరంలో స్థిరపడినట్లు గుర్తించారు.

అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగును భారతదేశంలో తొలిసారి 2018లో కర్ణాటకలోనే గుర్తించారు. త్వరలోనే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొక్కజొన్న చేలకు వ్యాపించింది. అక్వేరియం తొట్లను శుభ్రం చేస్తుందని కొనుక్కునే దక్షిణ అమెరికా సక్కర్ చేప తెలుగు రాష్ట్రాల జలాశయాలలో డెవిల్ ఫిష్ అనే పేరుతో జాలరులకు బెడదగా మారింది. దాని గట్టి ముళ్ళు వలలను చించుతాయి. అది ఒడ్డున బొరియలు చేయడం వల్ల గట్లు బలహీనపడతాయి. తొట్టిలో పెద్దదైపోయిన చేపను జాలితో చెరువులో వదిలిన చేతులే దాని వ్యాప్తికి ఒక ముఖ్య కారణం.

ఈ రాకపోకలు ఒకవైపు మాత్రమే సాగేవి కావు. భారత నగరాలలో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై దోమను 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో గుర్తించారు. అప్పటి నుంచి ఆ ఖండపు నగరాలకు అది కొత్త సమస్యగా మారింది. భారతదేశపు కాకి ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా రేవులకు చేరింది. ఆఫ్రికా నత్త ఇక్కడ, ఇక్కడి కాకి అక్కడ. ఏ దేశాన్నీ నిందించవలసిన పని లేదు. సరుకును పరీక్షించవలసిన పని మాత్రం ఉంది.

నివారణ చరిత్ర నేర్పిన మూడు పాఠాలు

మొదటిది, ఒక శత్రువును తొలగించడానికి మరొక శత్రువును తొందరపడి తేరాదు. పసిఫిక్ దీవులలో ఆఫ్రికా నత్తను అదుపు చేయాలని ఇతర నత్తలను తినే గులాబీ తోడేలు నత్తను 1950ల నుంచి వదిలారు. 1970లలో తాహితి, మోరియా దీవులకు చేరిన ఆ నత్త ఆఫ్రికా నత్తను అదుపు చేయలేదు. అక్కడ మాత్రమే జీవించే పార్టులా అనే చిన్న నత్త జాతులలో అనేకాన్ని ప్రకృతిలో లేకుండా చేసింది.

రెండవది, శాస్త్రీయ పరీక్షతో చేసిన పని ఫలిస్తుంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం పంటలను నాశనం చేసింది. 2010లో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక పరిశోధన సంస్థ ఆ పిండినల్లిని ఆశించే మూడు జాతుల అతిచిన్న కందిరీగలను ప్యూర్టోరికో నుంచి తెప్పించింది. ఇతర కీటకాలకు హాని లేదని ముందుగా నిర్ధారించుకొని, పెంచి, రైతులకు అందజేసింది. కొద్ది కాలంలోనే తెగులు అదుపులోకి వచ్చింది.

మూడవది, తొలి దశలోనే మేల్కొంటే ఖర్చు తక్కువ. 1966లో ఒక బాలుడు హవాయి నుంచి మూడు ఆఫ్రికా నత్తలను అమెరికాలోని మయామీకి తెచ్చాడు. అతని అమ్మమ్మ వాటిని తోటలో వదిలింది. ఏడేళ్ళలో 18,000కు పైగా నత్తలు దొరికాయి. వాటిని నిర్మూలించడానికి సుమారు 10 ఏళ్ళు, 10 లక్షలకు పైగా డాలర్లు అవసరమయ్యాయి. 2011లో అక్కడే మళ్ళీ బయటపడిన నత్తల నిర్మూలన 2021 వరకు సాగింది. మూడు నత్తలను చేతితో ఏరివేయడానికి పట్టే సమయం ఒక నిమిషం.

హూడి నివాసులు చేయవలసినవి

బెంగళూరులో ఈ నత్త ఇప్పటికే విస్తరించింది కనుక నగరమంతటా సంపూర్ణ నిర్మూలన సాధ్యమయ్యేది కాదు. అయితే ఒక వీధిని, ఒక గృహ సముదాయాన్ని, ఒక ఉద్యానవనాన్ని నత్తల బెడద నుంచి కాపాడుకోవడం సాధ్యమే. అందుకు కింది పద్ధతులు ఉపకరిస్తాయి.

1. కొత్త మొక్క కొన్నప్పుడు కుండీ అడుగుభాగాన్ని, మట్టి పైపొరను పరిశీలించాలి. వీలైతే కొన్ని వారాలు ఇతర మొక్కలకు దూరంగా ఉంచాలి. గుడ్లు కనిపిస్తే నలిపివేయాలి.

2. ఎక్కడిదో తెలియని మట్టిని, వాడిన ఇటుకలను, ఎండుటాకుల ఎరువును పరీక్షించకుండా తోటలోకి తేరాదు.

3. వానకాలంలో పొద్దుగుంకిన తరువాత గాని తెల్లవారుజామున గాని చేతితొడుగులు ధరించి నత్తలను ఏరాలి. తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ ఆకులు ఉంచితే అవి అక్కడికి చేరుతాయి. ఉదయాన్నే సంచి ఎత్తి ఏరవచ్చు.

4. ఏరిన నత్తలను మూత ఉన్న బకెట్‌లో బాగా చిక్కని ఉప్పునీటిలో రాత్రంతా ఉంచి, చనిపోయిన తరువాత లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. నేలపై ఉప్పు చల్లరాదు. దానివల్ల మట్టి చెడిపోతుంది.

5. ప్రాణంతో ఉన్న నత్తలను తడి చెత్తలో వేయరాదు, గోడ అవతలికి విసరరాదు. చెత్త బండి ఎక్కిన నత్త మరొక పేటకు చేరుతుంది.

6. నత్తలను చంపే మందు గుళికలు కుక్కలకు, పిల్లులకు, పక్షులకు ప్రాణాంతకం కావచ్చు. వ్యవసాయ నిపుణుల సలహా లేకుండా వాటిని వాడరాదు.

7. ఒక్క ఇంటివారు ఏరితే పక్క తోట నుంచి మళ్ళీ వస్తాయి. కనుక సంక్షేమ సంఘాలు వానకాలంలో వారానికి ఒక రోజు నిర్ణయించుకొని, వీధి అంతా ఒకేసారి ఏరివేత చేపట్టాలి. ఏ వారం ఎన్ని దొరికాయో రాసి ఉంచితే ఫలితం తెలుస్తుంది.

8. అక్వేరియం చేపలను, పెంపుడు తాబేళ్ళను హూడి చెరువులో గాని మరే చెరువులో గాని వదలరాదు. పెంచలేనివారు వాటిని అమ్మినవారికో, పెంచగలవారికో అప్పగించాలి.

9. పాత టైర్లను, పగిలిన కుండీలను వాననీరు నిలిచేలా ఆరుబయట ఉంచరాదు. అవి దోమకు ఊయల, నత్తకు నీడ.

ఈ పనులలో డబ్బుతో కూడినవి దాదాపు లేవు. తోటమాలులు, కాపలాదారులు, భవన నిర్మాణ కార్మికులు, మొక్కలు అమ్మేవారు మట్టిని అందరికంటే దగ్గరగా చూసేవారు. వారికి ఈ విషయాలను వారి భాషలో వివరించడం, చేతితొడుగులు సమకూర్చడం సంక్షేమ సంఘాల బాధ్యత.

చర్చకు ప్రశ్నలు

• గత ఏడాదిలో ఇంటికి వచ్చిన మొక్కలు, మట్టి ఎక్కడెక్కడి నుంచి వచ్చాయి? వాటిని ఎవరు పరీక్షించారు?

• నీటి నత్తకు, ఆఫ్రికా నేల నత్తకు గల తేడాలను పిల్లలు గుర్తించగలరా?

• బొప్పాయి పిండినల్లి విషయంలో సఫలమైన పద్ధతి మోరియా దీవిలో ఎందుకు విఫలమైంది?

• వీధిలో నత్తలు దాక్కోవడానికి అనువైన శిథిలాల కుప్పలు ఎన్ని ఉన్నాయి? వానలకు ముందే వాటిని తొలగించే బాధ్యతను ఎవరు తీసుకోవాలి?

చౌరంఘీ తోటలో కొన్ని నత్తలను వదిలిన రోజున అది చాలా చిన్న పని. నేడు హూడిలో ఒక కుండీ అడుగున ఉన్న గుడ్లను గమనించి తీసివేయడం కూడా అంత చిన్న పనే. మొదటి పని ఫలితం దాదాపు 180 ఏళ్ళుగా కనిపిస్తూనే ఉంది. రెండవ పని ఫలితం వచ్చే వానకాలంలోనే తోటలో కనిపిస్తుంది.